పాఠకుల ప్రశ్నలు: మాట పడిపోయిన మనిషి నలుగురిలో కూర్చోవాలంటే

పక్షవాతం తర్వాత కాలు, చేయి స్వాధీనంలోకి రావడం గురించి ఈ శీర్షికలో లోగడ రాశాము. ఈసారి ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే బాధను చెబుతున్నాయి. మనిషి లేచి తిరుగుతున్నాడు గాని మాట రావడం లేదు, మాట రాని కారణంగా చుట్టూ ఉన్న మనుషులు దూరమవుతున్నారు. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. రాసినవారు కోరినందువల్ల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా మామగారికి అరవై ఆరేళ్లు, బజారులో బట్టల దుకాణం నడిపేవారు. ఇంట్లో తెలుగు, దుకాణంలో ఒడియా, కొండల మీద నుంచి సంతకు దిగే సవరలతో సవర మాట్లాడేవారు. పోయిన మాఘంలో పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు, వాటితోపాటు మాటా పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నారు. మేము చెప్పేది అర్థమవుతున్నట్టే ఉంటుంది గాని ఆయన నోట "అదే, అదే" తప్ప మాట రాదు. ఒక్కోసారి తెలుగు మాట రాక ఒడియా మాట వస్తుంది, మంచినీళ్లకు "పాణి" అంటారు. కోపం వస్తే మాత్రం ఒక బూతుమాట స్పష్టంగా వచ్చేస్తుంది, ఇంటికి వచ్చినవారి ముందు తల ఎత్తుకోలేకపోతున్నాము. చూడవచ్చినవారు ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడతారు, లేదంటే ఆయన ఎదుటే నన్ను "ఏమైనా తెలుస్తోందా?" అని అడుగుతారు. రోజూ సాయంత్రం దుకాణం అరుగు మీద కూర్చునే స్నేహితులు రావడం మానేశారు. వచ్చే నెల టెక్కలిలో మా అత్తగారి తమ్ముడి కూతురి పెళ్లి ఉంది. "నలుగురిలో నవ్వులపాలు చేయడం ఎందుకు, ఇంట్లోనే ఉంచండి" అని పెద్దలు కొందరు అంటున్నారు. ఆయనను అడిగితే ముఖం తిప్పుకున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆయన సరేనంటే తప్పక తీసుకువెళ్లండి. పెళ్లి సంగతి తర్వాత వివరంగా రాస్తాను. ముందు మీ ఇంట్లోవారికీ, ఇంటికి వచ్చేవారికీ ఆయన స్థితి ఏమిటో తెలియాలి.

దీనిని వైద్యులు అఫేసియా అంటారు. ఎక్కువమందిలో భాషను నడిపే భాగాలు మెదడు ఎడమ సగంలో ఉంటాయి, శరీరంలో కుడి పక్కను కదిలించేదీ ఆ సగమే. అందువల్లనే కుడి చేయి పడిపోయినవారికి మాట కూడా పోవడం తరచుగా చూస్తాము. పక్షవాతం వచ్చినవారిలో ఇంచుమించు మూడోవంతు మందికి ఈ ఇబ్బంది ఏదో ఒక మేరకు ఉంటుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు "టాన్" అనే ఒక్క ధ్వని తప్ప దాదాపు మరేమీ పలకలేని రోగిని పరీక్షించి, అతడు చనిపోయిన తర్వాత మెదడు ఎడమ ముందుభాగంలో ఉన్న దెబ్బను లోకానికి చూపించాడు. ఆ రోగి ఎదుటివారు అడిగింది చాలావరకు గ్రహించి, ఎడమ చేతి సైగలతో జవాబిచ్చేవాడు. మీ మామగారి "అదే, అదే" కూడా ఆ కోవకు చెందినదే. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ వియ్యంకుడితో ఎందుకు పడదో, ఏ షావుకారు బాకీ తీర్చలేదో ఆయనకు తెలుసు. ఆ తెలిసినదానిని మాటగా మార్చి పైకి తెచ్చే దారి మాత్రమే దెబ్బతిన్నది. చెవులకు ఏమీ కాలేదు కనుక అరవడం వల్ల ప్రయోజనం లేదు సరికదా, అరుపు ఆయనకు అవమానంగా తోస్తుంది. "ఏమైనా తెలుస్తోందా?" అని ఎవరైనా మిమ్మల్ని అడిగినప్పుడు మీరు జవాబు చెప్పకుండా ఆయన వైపు తిరిగి, "మామయ్యగారూ, వీరు మిమ్మల్ని పలకరించడానికి వచ్చారు" అనండి. అడిగినవారికి ఆ ఒక్క మాటతో విషయం బోధపడుతుంది.

అయితే అన్నీ అర్థమవుతున్నాయని కూడా అనుకోవద్దు. ఈ రకం అఫేసియాలో కూడా పొడుగాటి వాక్యాలు, నలుగురు ఒకేసారి మాట్లాడే మాటలు, ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దూకే సంభాషణ జారిపోతాయి. టీవీ మోగుతుండగా చెప్పినది అందకపోవచ్చు. కాబట్టి టీవీ ఆపి, ఎదురుగా కూర్చొని, ఒక వాక్యంలో ఒక విషయమే చెప్పి, ఆయన ముఖం చూసి, ఆ తర్వాత రెండోది చెప్పండి. మాట చిన్నదిగా ఉండాలి గాని, చంటిపిల్లలతో మాట్లాడే గొంతు మాత్రం ఉండకూడదు.

ఇంట్లో ప్రతిరోజూ జరిగే ఒక సంగతిని చూద్దాం. సాయంత్రం ఆయన గుమ్మం వైపు చేయి చూపి "అదే… నాలుగు… అదే" అన్నారనుకోండి. వెంటనే అందరూ "టీ కావాలా, బయటకు వెళతారా, నాలుగు గంటలకా, మాత్రలా?" అని మీద పడతారు. మొదటి ప్రశ్నకు ఆయన జవాబు కూడగట్టుకునేలోగా నాలుగో ప్రశ్న వస్తుంది. ఆయన కర్ర నేలకేసి కొడతారు, ఆ బూతుమాట బయటపడుతుంది. దీనికి బదులు ఒక్కరే దగ్గర కూర్చొని, కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఇల్లు" అని ఒక పక్క, "దుకాణం" అని ఇంకో పక్క రాసి, పైకి చదివి ముందు పెట్టండి. మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఊరుకోండి. ఆయన దుకాణం మీద వేలు పెట్టారు. "డబ్బు సంగతా, సరుకు సంగతా, మనిషి సంగతా?" మనిషి. "పనివాడా, స్నేహితుడా?" స్నేహితుడు. ఇక "నాలుగు" అంటే నాలుగే కానక్కరలేదు, ఈ జబ్బులో అంకెలు కూడా తారుమారవుతాయి. ఆయన అడుగుతున్నది అరుగు మీద కూర్చునే స్నేహితుల గురించి అయి ఉండవచ్చు. చివరన "మీ స్నేహితులు ఎందుకు రావడం లేదని అడుగుతున్నారు, అంతేనా?" అని మొత్తం తిరిగి చెప్పి, బొటనవేలు పైకెత్తి ఒకసారి, కిందికి దించి ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. "అవును", "కాదు" అనే మాటలు కూడా ఒకదానికి బదులు ఇంకొకటి వస్తుంటాయి కనుక నోటి మాట మీద ఒక్కదానిమీదే ఆధారపడవద్దు. అప్పటికీ అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపవద్దు. "నాకు అందలేదు, కాసేపాగి మళ్లీ చూద్దాం" అని చెప్పండి, ఆ తర్వాత నిజంగానే మళ్లీ అడగండి.

కాగితం మీద ఏ లిపిలో రాయాలన్నది మన సరిహద్దు ఇళ్లలో ఆలోచించవలసిన విషయం. తాతగారు తెలుగు బడిలో చదివి ఉంటారు, మనవలకు ఒడియా అక్షరాలే వచ్చి ఉంటాయి. మనవడు ప్రేమగా ఒడియాలో రాసి పెట్టిన మాట తాతకు అందకపోవచ్చు. ఆయన జీవితమంతా దుకాణం చిట్టా ఏ లిపిలో రాశారో, పత్రిక ఏ లిపిలో చదివారో ఆ లిపిలోనే రాయండి. చదవడం కూడా దెబ్బతిని ఉంటే, మాట పక్కన బొమ్మ గీయండి లేదా ఫోనులో ఫోటో చూపండి. చేతికి కలం ఇచ్చి "నోటితో రాకపోతే రాసి చూపండి" అనడం చాలామంది చేసే పని. మాట ఎక్కడ దెబ్బతిన్నదో రాత కూడా సాధారణంగా అక్కడే దెబ్బతింటుంది కనుక అది ఆయనను మరింత నొప్పిస్తుంది.

ఒడియా మాట వచ్చినందుకు కలత పడవద్దు. "పాణి" అన్నప్పుడు నీళ్లు ఇవ్వండి, "నీళ్లు అనండి" అని దిద్దవద్దు. రెండు మూడు భాషలు వచ్చినవారిలో ఎక్కువమందికి అన్ని భాషలూ కలిసే తిరిగి వస్తాయి, కొందరికి ఒకటి ముందు వస్తుంది. బహుభాషలే గందరగోళం తెచ్చాయని మీ బంధువులు అంటే నమ్మవద్దు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2015లో వెల్లడించిన అధ్యయనంలో, పక్షవాతం తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం వంటి శక్తులు మామూలుగా నిలిచినవారు ఒకే భాష వచ్చినవారిలో 20 శాతం లోపుండగా, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో 40 శాతం దాకా ఉన్నారు. అఫేసియా వచ్చినవారి పాళ్లలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. ఆయన సవర నేర్చింది సంతలో మనుషులతో మాట్లాడడానికే గనుక, సంతకు వచ్చే పాత ఖాతాదారు ఎవరైనా దుకాణానికి వస్తే సవరలోనే పలకరించనివ్వండి.

బూతుమాట గురించి మీరు తల దించుకోవలసిన అవసరం లేదు. తిట్లు, అంకెల వరస, వారాల పేర్లు, రోజూ చెప్పుకునే నామాలు, పాటలు మనం ఆలోచించి కూర్చే మాటల వంటివి కావు. అలవాటుగా వాటంతట అవి దొర్లుతాయి, వాటికి మెదడు కుడి సగం తోడ్పాటు కూడా ఉంటుంది. అందుచేత మాటలు పోయినవారికి కూడా అవి తరచుగా మిగులుతాయి. ఆయన కోరి తిట్టడం లేదని వచ్చినవారికి ముందే ఒక మాట చెప్పి, అది వినబడనట్టు సంభాషణ కొనసాగించండి. ఈ గుణాన్ని మంచికి కూడా వాడుకోవచ్చు. పాట బాణీని ఆసరాగా చేసుకొని చిన్న చిన్న వాక్యాలు పలికించే చికిత్సను అమెరికాలోని బోస్టన్‌లో 1973లో రూపొందించారు, స్పీచ్ థెరపిస్టులు ఇప్పటికీ తగినవారికి దానిని వాడుతున్నారు. గుడిలో భజన జరిగే రోజు ఆయనను తీసుకువెళ్లి తాళం వేసేవారి పక్కన కూర్చోబెట్టండి. ఇంట్లో ఒక్క మాట రానివారు అక్కడ చరణం మొత్తం అందరితో కలిసి పాడడం నేను చూశాను. "పాట వచ్చినప్పుడు మాట ఎందుకు రాదు, బద్ధకమే" అని మాత్రం ఎవరినీ అననివ్వకండి.

ఇంకొక హింస ఉంది. చూడవచ్చిన ప్రతివారూ "నేనెవరో చెప్పు చూద్దాం, నా పేరు చెప్పు" అని పరీక్ష పెడతారు. పేర్లు అన్నిటికంటే కష్టంగా వచ్చేవి. వచ్చినవారే ముందు "నేను మీ మేనల్లుణ్ణి, పాతపట్నం నుంచి వచ్చాను" అని చెప్పుకొని, ఆయనకు తెలిసిన కబురు ఒకటి చెప్పాలి. ఆయన వినాలి, నవ్వాలి, తల ఊపాలి, తోచినప్పుడు అడ్డు తగలాలి. ఆయన మాట్లాడకపోయినా ఆయనతో మాట్లాడవచ్చు. ఆయన "మీరు" అనవలసినచోట "నువ్వు" అన్నా, "ఆమె" బదులు "అతను" అన్నా దానిని మర్యాద తప్పడంగా తీసుకోవద్దని పెద్దలకు చెప్పండి.

స్నేహితుల సంగతి. వారు మానేసింది ప్రేమ లేక కాకపోవచ్చు, ఎదురుగా కూర్చొని ఏం మాట్లాడాలో తెలియక అయి ఉంటుంది. మీ భర్తగారు వెళ్లి వారిలో ఒకరిని, ఒక్కరినే, ఒక సాయంత్రం రమ్మని పిలవాలి. పైన రాసినదంతా ఆ స్నేహితునికి చెప్పాలి. చేతికి పని దొరికితే మౌనం బరువుగా ఉండదు కనుక పేకముక్కలో, పులీమేకా బల్లో, పాత పెళ్లి ఫోటోల పుస్తకమో మధ్యన ఉంచండి. దుకాణంలో గల్లాపెట్టె పక్కన రోజూ ఒక గంట కూర్చోబెట్టండి. లెక్క మాత్రం పక్కనున్నవారు చూసుకోవాలి.

ఇక పెళ్లి. మాట లేకుండా నిండుగా జరిగే పనులు పెళ్లిలో చాలా ఉన్నాయి. అక్షతలు వేయడానికి, వధూవరుల తల మీద చేయి పెట్టడానికి, బంతిలో కూర్చోవడానికి మాట అక్కరలేదు. కుడి చేయి లేవకపోతే ఎడమ చేత్తోనే అక్షతలు వేయనివ్వండి. దానిని అశుభమనే పెద్దలుంటే, వారికంటే పెద్దవారు ఎవరైనా ముందే చెప్పి సర్దడం మంచిది. వీలైతే ముందురోజే వెళ్లి, జనం పలచగా ఉన్నప్పుడు అమ్మాయిని ఆశీర్వదించే ఏర్పాటు చేయండి. ముహూర్తం వేళ మేళానికీ సౌండు బాక్సులకూ దూరంగా, వెనక గోడ ఉన్న చోట కుర్చీ వేసి, పక్కన ఎప్పుడూ మీలో ఒకరు ఉండాలి. పలకరించేవారు ఒక్కొక్కరుగా రావాలి. పక్షవాతం తర్వాత అలసట త్వరగా వస్తుంది, అలసిన కొద్దీ ఉన్న మాట కూడా జారిపోతుంది. కాబట్టి పడుకోవడానికి ఒక గది చూసి ఉంచండి, ఆయన లేస్తానంటే భోజనాలకు ఆగకుండా వచ్చేయండి. జేబులో తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన చీటీ ఒకటి పెట్టండి: "పక్షవాతం వల్ల నాకు మాట రావడం కష్టం. మీరు చెప్పేది అర్థమవుతుంది. నిదానంగా మాట్లాడండి." ఆయనకు తెలియకుండా మాత్రం పెట్టవద్దు, చదివి వినిపించి, ఆయన ఒప్పుకున్న తర్వాతనే పెట్టండి.

ఆయన ముఖం తిప్పుకున్నారని రాశారు. ఒకసారి వద్దన్నదానిని శాశ్వతమైన జవాబుగా తీసుకోకండి. శుభలేఖ చూపించి, పెళ్లికూతురి ఫోటో చూపించి, "ముందురోజు వెళ్లి ఆశీర్వదించి వద్దామా, ముహూర్తానికి ఉందామా, వద్దా?" అని మూడు దారులూ ముందు పెట్టి ఇంకో రోజు అడగండి. అప్పుడూ వద్దంటే బలవంతం చేయవద్దు, పెళ్లివారినే తర్వాత ఇంటికి పిలవండి. అయితే తిండి, నిద్ర తగ్గి, ఇష్టమైన మనిషి వచ్చినా గోడవైపు తిరిగి పడుకుంటుంటే అది దిగులు జబ్బు కావచ్చు. పక్షవాతం తర్వాత మూడోవంతు మందిలో అది కనిపిస్తుంది, మందుతో తగ్గుతుంది, నోరు లేనివారిలో ఎవరూ గమనించక ముదిరిపోతుంది. వైద్యునికి మీరే చెప్పాలి. మీకు మనసు బరువైనప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత టెలి మానస్ సేవ.

ప్రశ్న: మాది బరంపురం, పట్టు నేసే కుటుంబం. మా అమ్మకు ఒక ఉదయం ఉన్నట్టుండి మాట తేడా వచ్చింది. కాలు చేయి బాగానే ఉన్నాయి. గలగలా మాట్లాడుతుంది గాని ఒక్క ముక్కకూ అర్థం ఉండదు, మేము చెప్పేదీ పట్టించుకోదు. ఆసుపత్రిలో పక్షవాతమే అన్నారు. వీధిలో మాత్రం చిల్లంగి అంటున్నారు, కొందరు పిచ్చి అంటున్నారు. మా నాన్న "కావాలనే వినడం లేదు" అని విసుక్కుంటున్నారు.

జవాబు: ఆసుపత్రివారు చెప్పిందే నిజం. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన రకం ఇది. ఇందులో దెబ్బ మెదడు ఎడమ వైపున, చెవికి ఎగువగా ఉండే భాగంలో తగులుతుంది. చేతులను కాళ్లను నడిపే భాగానికి అది దూరం కావడంతో అవి బాగానే ఉండవచ్చు, అందుచేతనే జనం దానిని పిచ్చి అనీ గాలి అనీ పొరబడతారు. మీ అమ్మగారికి మన మాటలు తెలియని దేశపు భాషలా వినిపిస్తున్నాయి, తన మాట తప్పుగా వస్తున్నదని కూడా ఆమెకు తెలియకపోవచ్చు. మీ నాన్నగారికి ఈ సంగతి మీరు కాకుండా వైద్యునిచేత చెప్పించండి. భూతవైద్యం కోసం తిరుగుతూ రక్తపోటు మాత్రలు మానితే రెండోసారి పక్షవాతం వచ్చే ప్రమాదముంది.

ఆమెతో మాట కంటే వస్తువు బాగా పనిచేస్తుంది. భోజనానికి పిలవాలంటే కంచం చూపండి, గుడికి వెళ్లాలంటే పూలబుట్ట చేతికి ఇవ్వండి. ఆమె చెప్పేదానిలో అర్థం వెతకకుండా గొంతులోని కోపాన్ని, భయాన్ని, సంతోషాన్ని పట్టుకోండి, వాదించకండి. ఇరుగుపొరుగు ఆడవారితో కూర్చొని నూలు చుట్టే పని ఆమెకు అలవాటైతే అది ఆగిపోనివ్వవద్దు. ఆమె చేతులు మరిచిపోలేదు. బరంపురంలో రెండేళ్లకొకసారి వచ్చే ఠాకురాణి యాత్ర రద్దీలో మాత్రం ఆమెను ఒంటరిగా వదలకండి, తప్పిపోతే చిరునామా చెప్పలేరు.

ఇది చదివేవారందరికీ ఒక మనవి. ఉన్నట్టుండి మాట తడబడినా, అర్థం లేకుండా వచ్చినా, మూతి వంకరపోయినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల లోపలే ఇవ్వడానికి వీలవుతుంది.

ప్రశ్న: రాయగడలో కాగితం మిల్లులో నాతో పనిచేసే మిత్రునికి నలభై నాలుగేళ్లకే పక్షవాతం వచ్చి మాట సగం పోయింది. మేము అయిదారుగురం స్నేహితులం. వాట్సాప్ గ్రూపులో ఆయన ఏమీ రాయడు. ఆదివారాలు పిలిస్తే వస్తాడు గాని మూల కూర్చుంటాడు.

జవాబు: అయిదారుగురు ఒకేసారి మాట్లాడే చోట ఆయనకు మాట అందుకునే సందు దొరకదు. ఇద్దరు ముగ్గురే కలవండి, హోరు తక్కువగా ఉన్న టీ కొట్టు చూసుకోండి. విషయం మారినప్పుడు "ఇప్పుడు క్రికెట్టు సంగతి" అని పైకి చెప్పండి. ఆయన మాట మొదలుపెడితే మిగిలినవారు ఆగాలి, ఆ మాటను మీరు పూర్తి చేసేముందు "నేను చెప్పనా?" అని అడగాలి. గ్రూపులో పొడుగాటి రాతలు, గుక్కతిప్పుకోకుండా చెప్పే వాయిస్ మెసేజ్‌లు వద్దు. ఒక ఫోటో, దాని కింద రెండు మాటలు, జవాబుకు బొటనవేలు గుర్తు చాలు. ఫోనుతో డబ్బు పంపేటప్పుడు అంకెలు తారుమారు కాగలవు కనుక ఆ పని ఇంట్లో ఒకరు పక్కనుండగా చేయడం మేలు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజమే గాని, ఆ తర్వాత ఆగిపోతుందని అనుకోవద్దు. ఏళ్ల తర్వాత కూడా సాధనతో కొత్త మాటలు వచ్చినవారున్నారు.

ప్రశ్న: కొరాపుట్ జిల్లా జయపురం నుంచి రాస్తున్నాను. మా అన్నయ్యకు ఏడాదిన్నరగా మాట లేదు. స్పీచ్ థెరపీ ఎక్కడ దొరుకుతుంది? వికలాంగ ధ్రువపత్రం ఇస్తారా? బ్యాంకులో సంతకం కలవడం లేదని డబ్బు ఇవ్వడం లేదు.

జవాబు: కొరాపుట్, బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రులలో ముందు వాకబు చేయండి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, మాట, వినికిడి లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ సికింద్రాబాదు ప్రాంతీయ కేంద్రం ప్రభుత్వానివే. ప్రైవేటు థెరపిస్టు దగ్గరకు వెళితే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను ఉన్నదా అని అడగండి. థెరపిస్టుకు ఒడియానే వస్తే భయపడవద్దు, మీలో ఒకరు పక్కన కూర్చొని ఆ సాధననే ఇంట్లో తెలుగు మాటలతో చేయించవచ్చు. ప్రతి వారం వెళ్లలేనివారు మొదట ఒకసారి స్వయంగా చూపించుకొని, తర్వాత వీడియో కాల్‌లో కొనసాగించడానికి వీలుంటుందేమో అడగండి.

ధ్రువపత్రం దొరుకుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాట, భాషకు సంబంధించిన వైకల్యాల కింద అఫేసియాను పేరుతో సహా పేర్కొంది. లోపం శాశ్వతమని, 40 శాతం లేదా అంతకు మించి ఉందని వైద్యమండలి తేలిస్తే చట్టంలోని చాలా సదుపాయాలు వర్తిస్తాయి. స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, జిల్లా ఆసుపత్రికి పాత స్కానింగు, డిశ్చార్జి కాగితాలు తీసుకువెళ్లండి. అక్కడ అడిగే ప్రశ్నలకు మీరు తొందరపడి జవాబు చెప్పకండి, ఆయన ఎంతవరకు చెప్పగలరో వారు స్వయంగా చూడాలి.

బ్యాంకు సంగతిలో, అనారోగ్యంతో సంతకం చేయలేని ఖాతాదారుల వేలిముద్రను బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షుల గుర్తింపుతో తీసుకోవాలని, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ నిబంధన ప్రస్తావిస్తూ మేనేజరుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. మీ అన్నయ్యను వెంట తీసుకువెళ్లి, మేనేజరు ఎదుట కాగితం మీద మొత్తాన్ని అంకెల్లో రాసి ఆయనకు చూపించి, ఎంత తీయాలో, ఎవరి చేతికి ఇవ్వాలో ఆయనచేతనే వేలుతో చూపించండి. మాట రానంత మాత్రాన మతి స్థిమితం లేనట్టు కాదని, ఖాతా ఇప్పటికీ ఆయనదేనని ఆ దరఖాస్తులోనే రాయండి.